అన్నయ్య ట్రంకు పెట్టె: తోమించే ముందు, తుడిచే ముందు

ప్రశ్న: మా అన్నయ్య సైన్యంలో పనిచేస్తూ ప్రాణాలు వదిలి వచ్చే ఏడాదికి 25 ఏళ్లు నిండుతాయి. ఆయన ఇనుప ట్రంకు పెట్టె అమ్మ గదిలోనే ఉంది. అందులో రెండు జతల యూనిఫాం ఉంది, ఒకటి ఉన్నిది, ఒకటి నూలుది. టోపీ, బూట్లు, 5 పతకాలు, నలభై దాకా ఉత్తరాలు, ఫొటోలు, పేపరు కటింగులు, ఆయన గొంతు ఉన్న ఒక క్యాసెట్టు కూడా ఉన్నాయి. ఆ రోజుకల్లా హాల్లో ఒక గోడంతా అన్నయ్యకే కేటాయించాలని తమ్ముడి కోరిక. పతకాలు మెరిసేలా తోమించి, ఉత్తరాలు లామినేషన్ చేయించి, యూనిఫాం డ్రైక్లీనింగ్‌కి ఇచ్చి ఫ్రేము కట్టిద్దామంటాడు. నాకెందుకో మనసొప్పడం లేదు. అమ్మకు 78 ఏళ్లు. అప్పుడప్పుడూ పెట్టె తెరిచి అన్నయ్య చొక్కా ముఖానికి ఆనించుకుంటుంది. అలా అయితే బట్ట పాడైపోతుందని తమ్ముడు విసుక్కుంటాడు. ఏది సరి? గోడ మీద ఫలకంలో ఏం రాయించాలి?
– ఒక చెల్లెలు

సమాధానం:

మీ మనసొప్పకపోవడం సబబే. తోమడం, లామినేషన్, డ్రైక్లీనింగ్, ఈ మూడూ చేశాక వెనక్కి తీసుకోలేని పనులు. వాటిని ఇవాళే ఆపించండి. తమ్ముడి కోరికలో మాత్రం తప్పేమీ లేదు. గోడకు నకళ్లు, పెట్టెకు అసలువి అని విడదీసుకుంటే ఇద్దరి మాటా నెగ్గుతుంది.

తోమడం సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే అది ప్రేమతో చేసే నష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాలకు బ్రిటిష్ ప్రభుత్వం 12 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి కంచు ఫలకం ఇచ్చింది. అలాంటివి 13 లక్షలకు పైగా పోతపోశారు. హోదా రాయకుండా పేరు ఒక్కటే ఉబ్బెత్తు అక్షరాల్లో వేశారు, త్యాగంలో పెద్దా చిన్నా ఉండకూడదని. తల్లులూ భార్యలూ వాటిని ఏళ్ల తరబడి పాలిష్ పెట్టి తోమారు. ముఖ్యంగా ఉండాల్సిన పేరే నునుపైపోయిన ఫలకాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. మీ అన్నయ్య పతకాలను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని, ముందు వైపు కాదు, అంచు చుట్టూ చూడండి. చాలా సైన్యాల్లో నంబరు, హోదా, పేరు, దళం ఆ సన్నటి అంచు మీదే చెక్కుతారు. ఆ చెక్కుడు లోతు వెంట్రుక మందం ఉంటే గొప్ప. పాలిష్‌లో ఉండే మెత్తటి రాపిడి పొడి ఒక్కో రుద్దుకీ దాన్ని కొంచెం కొంచెం తినేస్తుంది. ఆ అక్షరాలు పోయాక అది మీ అన్నయ్య పతకమని చెప్పేది ఏదీ మిగలదు.

ఇక పనుల వరుస. అందరూ పెట్టెతో మొదలుపెడతారు, కానీ మొదలుపెట్టాల్సింది అమ్మతో. ఉత్తరం జాగ్రత్తగా ఉంచితే ఇంకో యాభై ఏళ్లు ఉంటుంది. ఆ ఫొటోలో అన్నయ్య పక్కన నిలబడ్డ కుర్రాడెవరో చెప్పగలిగింది మాత్రం బహుశా అమ్మ ఒక్కతే. రోజుకి నలభై నిమిషాలకు మించకుండా, ఫ్యాన్ ఆపి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆమె నోటికి రెండు జానల లోపు ఉంచి రికార్డు చేయండి. మొదట మీరే తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారో పలకండి. తర్వాత ఫొటోలను ఒక్కొక్కటిగా చేతికిస్తూ, దాని నంబరు గట్టిగా చదవండి: “ఫొటో 14.” ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, నంబరు పలకని రికార్డింగులో “ఇదిగో వీడు, వాడి పక్కనున్నాడే వాడు” అన్న మాటలు పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరావు. “అన్నయ్య గురించి చెప్పమ్మా” అని అడిగితే ఎవరికైనా మాట రాదు. “ఈ ఫొటో తీసినప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు?”, “ఈ ఉత్తరం వచ్చిన రోజు ఎవరు చదివి వినిపించారు?” అని అడగండి. ఆమె ఆగితే మీరు పూరించకండి. ఏడిస్తే రికార్డింగు ఆపమంటుందేమో అడగండి, మీ అంతట మీరు ఆపేయకండి.

పెట్టె తెరిచే రోజు ముందే ఒక బల్ల మీద ఉతికిన, గంజి పెట్టని తెల్ల దుప్పటి పరవండి. మూత ఎత్తగానే ఏదీ కదపకుండా పైనుంచి ఫొటో తీయండి. ఒక్కో పొర తీసినప్పుడల్లా మళ్లీ ఒక ఫొటో. ఏ వస్తువు పక్కన ఏది ఉంది, ఏ ఉత్తరం ఏ పుస్తకంలో మడిచి ఉంది అనేది కూడా సమాచారమే. కొన్నిసార్లు అన్నయ్య స్వయంగా సర్దిన వరుస అదే కావచ్చు. ఒక నోటుబుక్కులో నంబరు, వస్తువు, దొరికిన చోటు, దాని గురించి ఎవరు ఏం చెప్పారు, ఇప్పుడెలా ఉంది అని రాసుకుంటూ పోండి. జేబులు చూడండి. దువ్వెన, సగం వాడిన పెన్సిలు, చిల్లర, టికెట్టు ముక్క లాంటివి పారేయకండి. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారక గోడ 1982లో తెరిచినప్పటి నుంచీ జనం దాని పాదం దగ్గర బూట్లూ, ఉత్తరాలూ, బొమ్మలూ వదిలి వెళ్తుంటే, పార్కు సిబ్బంది వాటిని ఏరి భద్రపరుస్తూ వచ్చారు. పతకం ఇలాంటిదే ఇంకొకరికీ ఉంటుంది. పంటి గాట్లున్న పెన్సిలు ఆయనది ఒక్కటే.

ఒక హెచ్చరిక. పెట్టెలో తూటాగానీ, గుండు ముక్కగానీ, లోహపు డొల్లగానీ కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి, ఊపి చూడకండి. జ్ఞాపకంగా తెచ్చుకున్నవాటిలో మందు ఇంకా ఉండొచ్చు. అందరినీ గదిలోంచి పంపి పోలీసులకు చెప్పండి.

ఉత్తరాల సంగతికి వద్దాం. లామినేషన్ అంటే వేడితో జిగురు కరిగించి కాగితంలోకి ఎక్కించడం. కాగితం, సిరా, జిగురు ఒకటైపోతాయి. తర్వాత జిగురు పచ్చబడినా, ప్లాస్టిక్ విడినా కాగితాన్ని బయటికి తీయలేరు. సెల్లోటేపు ఇంకా దారుణం. కొన్నేళ్లలో దాని జిగురు గోధుమరంగు మరకగా కాగితం అవతలి వైపుకి దిగుతుంది. చిరిగిన చోట ఏమీ అంటించకుండా, ఆ ఉత్తరాన్ని అలాగే కవరులో పెట్టడమే మేలు.

ఉత్తరాలను శుభ్రంగా కడిగి బాగా ఆరిన వట్టి చేతులతోనే పట్టుకోండి. గుడ్డ తొడుగులైతే చిరిగిన అంచులు తగులుకుంటాయి. తుప్పు పట్టిన గుండుసూదులు, స్టేపిల్ పిన్నులు ఉంటే వెనకవైపు కాళ్లను మొద్దుగా ఉన్న సన్నటి పలక అంచుతో నిటారుగా లేపి, ముందువైపు నుంచి మెల్లగా జార్చండి. పిన్నులు పీకే పరికరం వాడితే కాగితం ముక్క కూడా వస్తుంది. మడతలు విప్పి, బరువు పెట్టకుండా ఒక రోజు చదునుగా ఉంచండి. ఇస్త్రీపెట్టె దగ్గరికి తీసుకెళ్లొద్దు. ఒక్కో ఉత్తరాన్నీ దాని కవరుతో సహా యాసిడ్ లేని కాగితపు మడతలోగానీ, పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ తొడుగులోగానీ ఉంచండి. స్టేషనరీ ఫైళ్లలో వచ్చే మెత్తటి, ఒక రకం వాసన కొట్టే తొడుగులు పీవీసీవి. వాటిలోని మెత్తదనం కోసం కలిపే రసాయనం మెల్లగా బయటికొచ్చి సిరాను ప్లాస్టిక్‌కి లాగేస్తుంది. కొన్నేళ్లకు ఉత్తరంలో మాటలు తొడుగు మీద ఉల్టాగా కనిపిస్తాయి.

కవర్ల మీది స్టాంపులు కత్తిరించి ఎవరి సేకరణకీ ఇవ్వకండి. స్టాంపు మీది ముద్రలో తేదీ ఉంటుంది. యుద్ధరంగపు తపాలా ముద్ర ఉంటే ఆ నంబరును బట్టి ఆయన దళం ఎప్పుడు ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పగలరు. పేపరు కటింగులను మాత్రం ఉత్తరాలకు ఆమడ దూరంలో ఉంచండి. న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం ఎక్కువ, తను పచ్చబడటమే గాక పక్కనున్న కాగితం మీద తన ఆకారంలో మరక వేస్తుంది. కటింగుల్ని మంచి కాగితం మీద నకలు తీసి, అసలువి విడి కవరులో వేయండి.

వదినకు రాసిన ఉత్తరాలు ఆ నలభైలో ఉంటే అవి వదినవి. చదివే ముందు, స్కాన్ చేసే ముందు, గోడ మీద పెట్టే ముందు ఆమెను అడగండి. 25 ఏళ్ల తర్వాత కూడా. ఇష్టం లేదంటే కట్ట అలాగే ఆమె చేతికి ఇచ్చేయండి, నోటుబుక్కులో “వదినకు ఇచ్చాం” అని ఒక్క ముక్క రాస్తే చాలు.

ఫొటోల్లో రెండు ప్రమాదాలు. ఒకటి, ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయినవి. ఫొటో పైపొర జెలటిన్, తేమ తగిలితే జిగురవుతుంది. లాగితే ముఖం అద్దానికే మిగిలిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయండి, అంతే. రెండోది, పారదర్శక కాగితం లేపి అతికించే పాత ఆల్బమ్‌లు. వాటి జిగురు గీతలు ఫొటో వీపుని పట్టేసి ఉంటాయి. వాసన, రంగు లేని డెంటల్ ఫ్లాస్‌ని (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) రెండు చేతులా బిగువుగా పట్టుకుని, ఫొటో మూల నుంచి రంపంలా ముందుకీ వెనక్కీ మెల్లగా కదిలిస్తూ పోతే చాలావరకు విడివడతాయి. మొరాయిస్తే వదిలేసి, పేజీనే స్కాన్ చేయండి. వెనక పేర్లు రాయాలంటే 4బి లాంటి మెత్తటి పెన్సిలుతో, గట్టి బల్ల మీద పెట్టి, అంచున తేలిగ్గా రాయాలి. బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు ముఖం మీద గాడి తేలుతుంది. వీపు ప్లాస్టిక్‌లా నున్నగా ఉండే ఫొటోల మీద పెన్సిలు పడదు. వాటికి తొడుగు మీదే ముందుగా రాసి, ఆ తర్వాత ఫొటో లోపల పెట్టండి.

స్కానింగ్‌లో అందరూ చేసే పొరపాటు పాస్‌పోర్ట్ ఫొటోను మామూలు సెట్టింగులో తీసి, తర్వాత గోడంత పెద్దది చేయాలనుకోవడం. లెక్క చూడండి: 35 × 45 మిల్లీమీటర్ల ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే, స్పష్టంగా అచ్చు వచ్చేది సుమారు 2.75 × 3.5 అంగుళాల దాకానే. 1200లో చేస్తే 5.5 × 7 అంగుళాలు. కాబట్టి చిన్న ఫొటోలకు 1200, మామూలువాటికి 600, ఉత్తరాలకు 400. అసలు ఫైలు టిఫ్ రూపంలో ఉంచుకుని, పంచుకోవడానికి జేపెగ్ నకలు తీయండి. 4 × 6 అంగుళాల రంగు ఫొటో 600లో టిఫ్‌గా దాదాపు 26 ఎంబీ అవుతుంది, చోటు చూసుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. మొత్తం మూడు ప్రతులు: రెండు వేర్వేరు రకాల నిల్వల్లో, అందులో ఒకటి వేరే ఇంట్లో. సర్వీసు నంబర్లు, పెన్షన్, బ్యాంకు వివరాలున్న కాగితాలను మాత్రం స్కాన్ చేసినా ఎక్కడా నలుగురికీ కనిపించేలా పెట్టొద్దు.

క్యాసెట్టును ఉత్సాహం కొద్దీ ఇంట్లో మూలనున్న టేపురికార్డరులో వేయకండి. ముందు క్యాసెట్టు పై అంచున ఉండే రెండు బుల్లి ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున బటన్ నొక్కినా పాతదాని మీద కొత్తది రికార్డవదు. పెన్సిలుతో ఒక చుట్టు తిప్పి టేపు వదులు లేకుండా చూడండి. ప్లేయరును వేరే పాత క్యాసెట్టుతో ఒక గంట నడిపి, టేపు నమలడం లేదని తేలాకే దీన్ని వేయండి. కంప్యూటరుకి కలిపి రెండు వైపులా, ఖాళీగా అనిపించినా చివరి దాకా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా తీస్తే గంటకు సుమారు 1 జీబీ. తర్వాత రొద తీసేసిన నకలు ఎన్నైనా చేసుకోండి గానీ, మొదటి ఫైలును ముట్టుకోకండి. గొంతు వెనక వినిపించే వంటింటి చప్పుడూ, ఎవరో పిలిచిన పిలుపూ కొన్నాళ్లకు గొంతంత విలువైనవి అవుతాయి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే అసలు వేయొద్దు, ఆడియో పునరుద్ధరణ చేసేవాళ్లకు ఇవ్వాలి.

ఆప్తుల్ని ఈ మధ్యే పోగొట్టుకున్నవాళ్లు కూడా ఇది చదువుతుండొచ్చు, వాళ్ల కోసం ఒక మాట. ఇప్పటి క్యాసెట్టు ఫోనే. సిమ్‌ను వెంటనే రద్దు చేయకండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే తీసేస్తారు, గూగుల్ ఖాతా రెండేళ్లు కదలకపోతే తొలగించే అవకాశం ఉంది. మీ ఫోన్‌లోనే ఉన్న వాళ్ల చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి, ఆ వాయిస్ మెసేజీలు అందులోనే ఉంటాయి. వాళ్ల ఫోన్‌కి పాస్‌వర్డు ఊహించి పదే పదే కొట్టి చూడకండి. కొన్ని ఫోన్లు పది తప్పులకు అన్నీ చెరిపేసేలా పెట్టి ఉంటాయి.

యూనిఫాం విషయంలో ఉన్నిదీ నూలుదీ రెండు వేర్వేరు జబ్బులున్న రోగులు. ఉన్నిని చిమ్మట పురుగు తింటుంది. అసలు తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. అందుకే మెడ కింద, చంకల్లో, మడతల్లో, చెమట పట్టిన చోట్ల చిల్లులు ముందు పడతాయి. నూలు గుడ్డ దానికి పట్టదు గానీ, నూలు యూనిఫాంకి పెట్టిన గంజి కోసం పుస్తకాల్లో పరిగెత్తే వెండిరంగు పురుగు వస్తుంది. కలరా ఉండలు దీనికి మందని అందరూ వేస్తారు. వాటి ఆవిరి పీల్చడం మంచిది కాదు, తగిలిన చోట మరక పడుతుంది, కొన్ని రకాల ప్లాస్టిక్ బొత్తాలను మెత్తబరుస్తుంది. పైగా అమ్మ ముఖానికి ఆనించుకునే బట్టలవి. ఇప్పుడున్నవి తీసేయండి.

దాని బదులు చలి. ఉన్ని చొక్కాకు పిన్నుతో గుచ్చిన బ్యాడ్జీలు ఉంటే తీసి, దారంతో కుట్టినవి వదిలేసి, పల్చటి గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో గాలి పోయేలా నొక్కి, మూతి గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. పురుగులు గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పొద్దు. ఆత్రపడి విప్పితే చల్లటి గుడ్డ మీద గాలిలోని తేమ నీళ్లలా పేరుకుంటుంది, అప్పుడు బూజును మీరే పిలిచినట్టు.

డ్రైక్లీనింగ్ వద్దనడానికి కారణం ద్రావకం ఒక్కటే కాదు. యంత్రంలో తిప్పడం, ఆపై ఇస్త్రీ వేడి. పాతబడి బలం చచ్చిన దారాలు అక్కడే తెగుతాయి. దుమ్ము ఉంటే నైలాన్ వల ఒకటి బట్ట మీద పరిచి, వాక్యూమ్ క్లీనరును అన్నింటికంటే తక్కువ వేగంలో పెట్టి, వల పైనుంచి పోనివ్వండి. అంతకు మించి శుభ్రం వద్దు. ఆయన చివరిసారి తొడుక్కున్న బట్టలైతే, వాటి మీద మట్టి మరకలో నెత్తుటి మరకలో ఉంటే, ఉంచాలా ఉతకాలా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. ఉంచితే పురుగు త్వరగా వస్తుంది, నెలకోసారి చూడాలి. ఉతికితే ఆ మరక మళ్లీ రాదు. తొందర లేదు, తేలేదాకా పొడిగా విడిగా ఉంచండి.

తీగ హ్యాంగరుకు వేలాడదీస్తే భుజాల దగ్గర బరువుకు సాగి చిరుగుతుంది. పడుకోబెట్టి, మడత పడే ప్రతిచోటా యాసిడ్ లేని టిష్యూనో, గంజి లేని మల్లుగుడ్డనో చుట్టలా చేసి పెట్టండి. ఏడాదికోసారి మడతల జాడ మార్చండి. ఇత్తడి బొత్తాల కింద చిన్న పాలిస్టర్ ముక్క దూర్చండి, లేకపోతే చిలుము గుడ్డకు ఎక్కుతుంది. బూట్లకు నూనె, పాలిష్ రెండూ వద్దు. లోపల టిష్యూ నింపి, బట్టలకు దూరంగా ఉంచండి. పాలియురెథేన్ అట్టలున్న బూట్లయితే, వాడకుండా ఉంచినా గాలిలోని తేమకే అట్ట అటుకుల్లా రాలిపోతుంది. అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు, ఆ పదార్థం తీరే అంత.

పతకాలకు చెప్పాల్సింది కొంచెమే. నైట్రైల్ తొడుగులతో పట్టుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేయండి. వెండి నల్లబడటం లోపలిదాకా తినేసే ప్రమాదమేమీ కాదు. ముదురు గోధుమ, నల్లటి ఆకుపచ్చ పూత కూడా లోహాన్ని కాపాడేదే. లేత ఆకుపచ్చ పొడి గోటితో రాలేలా కనిపిస్తే మాత్రం అది లోపల్నుంచి తింటున్నట్టు. ఆ పతకాన్ని మిగతావాటి నుంచి విడదీసి, బాగా పొడిగా ఉంచి, లోహవస్తువుల సంరక్షణ తెలిసినవారికి చూపించాలి. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, పీవీసీ పౌచ్, ఈ మూడూ పతకాల దగ్గరికి రానివ్వకండి. రిబ్బన్లు ఉతికితే రంగు ఒకదాంట్లోకి ఒకటి దిగుతుంది. ఆయన తగిలించుకున్న వరుస మార్చొద్దు. ఐదింటినీ ఐదుగురికి పంచే ఆలోచన ఎవరికైనా ఉంటే అదీ వద్దు. ఐదూ ఒకచోట ఉంటేనే ఒక మనిషి సర్వీసు కథ చెబుతాయి. ఎవరి దగ్గర ఉండాలి, ఆ తర్వాత ఎవరికి అన్నది కాగితం మీద రాసి పెట్టె మూతకు లోపల పెట్టండి.

పెట్టె అదే ఉండనివ్వండి, లోపల మాత్రం అమరిక మార్చండి. ఇనుప ట్రంకు పురుగును ఆపుతుంది, తేమను ఆపదు. అందులో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు వేస్తే వానాకాలంలో కొద్ది రోజుల్లోనే తేమతో నిండిపోతాయి. బిగుతు మూతలున్న పాలిప్రొపిలీన్ డబ్బాలు మూడు తెచ్చి, కాగితాలు ఒకదాంట్లో, బట్టలు ఒకదాంట్లో, లోహం ఒకదాంట్లో పెట్టి, సిలికా జెల్ ఆ డబ్బాల్లో వేయండి. నీలం రంగుది కాకుండా నారింజ రంగుది తీసుకోండి, నీలం దాంట్లో విషపూరితమైన కోబాల్ట్ ఉంటుంది. రంగు మారితే 110–120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్లీ పనిచేస్తుంది. చిన్న తేమ మీటరు ఒకటి లోపల పడేసి, 35 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. 65 దాటి నిలబడితే బూజు వస్తుంది. మరీ 30 కిందికి పోతే ఫొటోలు, తోలు పెళుసవుతాయి. పెట్టె బయటిగోడకు ఆనకుండా, నేలకు తగలకుండా ఇటుకల మీద ఉండాలి.

ఇక గోడ. స్కాన్ నుంచి తీసిన నకళ్లు, అసలైనట్టే కనిపించే రంగు ప్రింట్లు, పతకాలకు నకలు సెట్టు, టోపీ ఫొటో పెట్టుకోండి. తమ్ముడు ఎంత అందంగా అమర్చినా దేనికీ ఏమీ కాదు. వెలుతురు చేసే నష్టం పోగుపడుతూ పోతుంది, చీకట్లో పెట్టినా తిరిగి రాదు. అందుకే మ్యూజియంలు సిరా, గుడ్డ ఉన్న గదుల్లో వెలుతురును సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వవు. ఎండ పడే హాలు దానికి ఎన్నో రెట్లు. ఆ ఒక్క రోజు మాత్రం అసలువి బయటపెట్టొచ్చు: కిటికీకి దూరంగా, బల్ల మీద, పైన అద్దం నేరుగా ఆనకుండా ఎత్తున పెట్టి, నాలుగైదు గంటలు. దీపమో, కొవ్వొత్తో, తడి పూలో పెట్టేది గోడ దగ్గర. బల్ల దగ్గర కాదు. మసి, నీటి చుక్క రెండూ కాగితానికి శత్రువులే.

ఫలకం మీద తక్కువ రాయించండి. 1917లో ఏర్పడిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ, హోదాతో పని లేకుండా అందరికీ ఒకే కొలత రాయి అని నిర్ణయించుకుంది. కింద కుటుంబం తరఫున ఒక మాట రాయించుకోవడానికి ఖాళీలతో కలిపి 66 అక్షరాలే ఇచ్చింది. ఆ ఇరుకులోంచే ఎన్నో కుటుంబాలు తమ పిల్లవాణ్ణి ఎలా పిలుచుకునేవో అది రాశాయి. మీరూ పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ, హోదా, దళం, చోటు రాసి, కింద ఒకే ఒక్క వరుస ఉంచండి. ఆ వరుసలో త్యాగం, వీరత్వం లాంటి పెద్ద మాటలకంటే ఆయన ఉత్తరం చివర ప్రతిసారీ రాసే ముక్క ఏదైనా ఉంటే అది వెయ్యి రెట్లు నయం.

తేదీని సర్వీసు కాగితంతో పోల్చుకోండి. ఇంట్లో అందరికీ గుర్తుండేది కబురు అందిన రోజు, అది ఆయన పోయిన రోజు కాకపోవచ్చు. పేరు కూడా సర్వీసు రికార్డులో ఒకలా, ఇంట్లో ఒకలా ఉండొచ్చు. తెలుగు చెక్కించేటప్పుడు ఇంకో చిక్కుంది. ఒత్తులు. అక్షరం ఎత్తు మరీ తగ్గితే క్ష్మి, స్త్రి లాంటి చోట్ల ఒత్తు పూడిపోయి చుక్కలా మిగులుతుంది. వరుసల మధ్య ఖాళీ కూడా ఇంగ్లీషుకిచ్చే దానికంటే ఎక్కువ ఇవ్వాలి. మీరు పంపిన ఫైలు చెక్కేవారి కంప్యూటరులో ఫాంటు మారితే ఒత్తులు విడిపోతాయి. అందుకని వాళ్ల యంత్రం నుంచే అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, గోడకు అంటించి, వారం రోజులు రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. ఇంటికొచ్చిన ప్రతివారి చేతా చదివించండి. రాయి మీద అచ్చుతప్పు దిద్దడానికి దారి ఉండదు.

ఇక మిగిలింది అమ్మ సంగతి. తమ్ముడి మాట శాస్త్రం ప్రకారం నిజమే: చర్మం నూనె, కన్నీటి ఉప్పు బట్టకు మంచివి కావు. అయినా ఆమెను ఆపకండి. రెండు చొక్కాల్లో నూలుదాన్ని అమ్మదిగా విడదీయండి. అది పెట్టె జాబితాలో ఉండదు, మ్యూజియం నియమాలేవీ దానికి వర్తించవు, ఆమె తలగడ పక్కనే ఉండొచ్చు. ఉన్ని చొక్కా మాత్రం డబ్బాలోకి వెళ్తుంది. వాసన పోతోందని ఆమెకు బెంగ ఉంటే, అది నిజంగానే ప్రతిసారీ కొంత పోతుంది, పూర్తిగా ఆపే మార్గం లేదు. రుమాలు లాంటి చిన్న నూలు గుడ్డ ఏదైనా ఆయన వాడింది ఉంటే, ఉతక్కుండా, ఏమాత్రం తడి లేకుండా చూసి, మూత బిగుతుగా పడే గాజు సీసాలో వేసి చీకట్లో ఉంచండి. సీసా అమ్మకే ఇవ్వండి. ఎప్పుడు తెరవాలో ఆమె ఇష్టం.